అచ్చు పడని నొప్పి

విశాఖపట్నం బీచ్ రోడ్డులో అరవై అడుగుల గోడ మీద అయిదుగురు పిల్లలు తమ తలనొప్పుల బొమ్మలు వేశారు. నాలుగో రోజు సాయంత్రం నూకరత్నం తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లేసరికి గోడ ముందు జనం బాగానే ఉన్నారు. అందరూ గోడకు వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు.

తమ్ముడు సింహాద్రి ఫైన్ ఆర్ట్స్ మూడో సంవత్సరం. పదమూడో ఏట నుంచి వాడికి మైగ్రేన్. వాడు వేసిన బొమ్మలో బస్సు నిండా మనుషులున్నారు. ఎవరికీ ముఖంలో కుడి సగం లేదు. లేని చోట రంపపు పళ్లలా ఒక వెలుగు గీత. నొప్పి మొదలయ్యే ముందు ఓ ఇరవై నిమిషాలపాటు లోకం వాడికి అలాగే కనిపిస్తుంది. దాని పక్కన ఇంటర్ చదివే హైమావతి బొమ్మ. చిక్కుపడిన వల, వలలో చేపకు బదులు ఒక కన్ను. ఆ పిల్లది భీమిలి దగ్గర చేపలుప్పాడ. అయిదుగురిలోకీ చిన్నది. అందరికంటే తక్కువ మాట్లాడేదీ ఆ పిల్లే.

వాకింగుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన గోడంతా చూసి, "బాగున్నాయి బాబూ. ఏ మందుల కంపెనీ వేయించింది?" అనడిగాడు.

"కంపెనీ కాదండీ. మాకొచ్చే తలనొప్పులే. అందరికీ తెలియాలని వేశాం."

"తలనొప్పికి ఇంత గోడా!" అని నవ్వుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

సింహాద్రి కూడా నవ్వాడు. కానీ స్కూటర్ మీద ఇంటికొస్తున్నప్పుడు వెనక నుంచి, "రంగులేస్తే నొప్పి కనిపిస్తుందనుకున్నామక్కా. కనిపించింది రంగులే," అన్నాడు.

తన ల్యాబులో బల్ల మీదున్న టోపీ రత్నం మనసులో మెదిలింది.

ఆమె పనిచేసేది మెదడు మీద పరిశోధన చేసే చిన్న సంస్థలో. పక్షవాతంతో మాట పడిపోయిన రోగులకు నొప్పి ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో డాక్టర్లకు తెలియడం కోసం ఆమె, ఆమె పైఅధికారి డాక్టర్ వేదాంతం ఆరేళ్లుగా ఒక యంత్రం తయారుచేస్తున్నారు. దానికి రెండు టోపీలు. నొప్పితో ఉన్న మనిషికి మొదటిది పెడితే మెదడులో నడిచే అలజడిని అచ్చు తీస్తుంది. రెండోది పెట్టుకున్న మనిషికి ఆ అచ్చును వినిపించినట్టుగా, పల్చగా, తిరిగి అందిస్తుంది. పదో వంతు నొప్పి, నలభై సెకన్లు. అంతకు మించి ఇవ్వకూడదని వాళ్లే హద్దు పెట్టుకున్నారు.

బొమ్మ కింద ఆ రెండో టోపీ పెడితే?

వేదాంతంగారు ఆలోచన విని కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మాట్లాడగలిగిన రోగి దొరికితే మనకూ మంచిదే. వాడు చెప్పేదీ మన అచ్చూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అయితే ఒక చిక్కు. అచ్చు తీసేటప్పుడు మాత్ర వేసుకోకూడదు. కనీసం గంట."

"గంటేగా సార్, ఉంటాను," అన్నాడు వెంట వచ్చిన సింహాద్రి.

వారం తిరక్కుండానే నొప్పి వచ్చింది. ల్యాబులో దీపాలార్పి, మెదడు అలజడిని పట్టే నలభై ఎనిమిది బొడిపెలున్న టోపీ తమ్ముడి తలకు తనే కట్టింది రత్నం. ఇంట్లో వాడికి నొప్పొచ్చినప్పుడు మాత్ర ఇచ్చి తలుపు దగ్గరకి వేసి తన పనికి తను పోయేది. గంటసేపు పక్కనే కూర్చోవడం అదే మొదటిసారి. ఇరవయ్యో నిమిషంలో వాడు వాంతి చేసుకున్నాడు. ముప్పయ్యో నిమిషంలో ఆమె గాజుల చప్పుడు భరించలేక చెయ్యెత్తి వద్దన్నాడు. ఆమె గాజులు తీసి ఒళ్లో పెట్టుకుంది. నలభయ్యో నిమిషంలో "ఇంకెంతసేపే?" అనడిగాడు. చిన్నప్పుడు తప్ప ఆమెను ఎప్పుడూ 'ఏమే' అన్నవాడు కాదు. మాత్ర ఆమె గుప్పిట్లోనే ఉంది. తెర మీద గీతలు అంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా పడుతున్నాయి. ఆమె మాత్ర ఇవ్వలేదు. గంట పూర్తయ్యేదాకా ఇవ్వలేదు.

ప్రదర్శన ఒక పాత గ్రంథాలయం హాల్లో పెట్టారు. అయిదు బొమ్మలు, ఒకే ఒక కుర్చీ. సింహాద్రి బొమ్మ ముందున్న ఆ కుర్చీలో కూర్చుని, ఇష్టమని సంతకం పెట్టి, టోపీ పెట్టుకోవాలి. మొదటి రోజు పదిమంది కూర్చున్నారు. మూడో రోజుకి వరస మెట్ల దాకా వచ్చింది. నవ్వుతూ కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు నవ్వలేదు. లేచి బొమ్మ వైపు తిరిగి అప్పుడు చూసేవాళ్లు, మొదటిసారి చూస్తున్నట్టు.

నాలుగో రోజు రత్నం వాళ్ల నాన్న జగ్గారావు వచ్చాడు. గాజువాకలో వెల్డింగు షాపు ఆయనది. కొడుకు తలనొప్పి గురించి ఆయనకు స్థిరమైన అభిప్రాయం ఒకటుండేది: ఎండలో పనిచేస్తే అదే పోతుందని. రత్నం టోపీ సరిచేస్తుంటే, "మంటల్లో బతికినోడిని, నాకేటవుద్దే," అన్నాడు.

నలభై సెకన్లయింది. ఆయన లేవలేదు. టోపీ తీసినా లేవలేదు.

"నాన్నా, నీళ్లు తాగుతావా?"

"ఇది పదో వంతంటే... మరి పూర్తిగా అంటే?"

"దీనికి పది రెట్లు నాన్నా. గంటలకొద్దీ."

జగ్గారావు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేలకేసి చూశాడు. "మీ యమ్మ కూడా నుదుటికి గుడ్డ కట్టుకుని పొయ్యి కాడ కూకునేది. గుర్తుందా? పని ఎగ్గొట్టడానికి ఏసాలే అనీవోణ్ణి. అందరి ముందరా అనీవోణ్ణి. అది ఒక్క మాట తిరిగి అన్లేదు." టోపీ వైపు చూశాడు. "దానికీ ఇలగే ఉండేదేటే?"

అమ్మ పోయి ఆరేళ్లయింది. వరసలో ఉన్నవాళ్లు గౌరవంగా పక్కకి తిరిగారు. సింహాద్రి వచ్చి నాన్న భుజం మీద చెయ్యేశాడు. ఆ చేతిని ఆయన చాలాసేపు వదల్లేదు.

తరవాతి సంగతులు త్వరత్వరగా జరిగాయి. పత్రికలు రాశాయి. తలనొప్పి జబ్బులున్న విద్యార్థులకు పరీక్షల్లో కాస్త అదనపు సమయం, నొప్పొస్తే పడుకోవడానికో చీకటి గది ఇవ్వాలని పిల్లలు పెట్టుకున్న అర్జీ కదిలింది. ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. నివేదిక ఇమ్మని సంఘం వేదాంతంగారిని కోరింది. ఒక్కరి అచ్చుతో నివేదిక రాయలేరు కనక పదకొండుమందికి అచ్చులు తీశారు. అందరికీ డాక్టర్లు ఎప్పుడో నిర్ధారించిన మైగ్రేనే.

ఎనిమిదిమందికి అచ్చు పడింది. ముగ్గురికి పడలేదు. ఆ ముగ్గురిలో హైమావతి ఒకతె.

ఆ పిల్లకి టోపీ కట్టినప్పుడు కూడా రత్నం పక్కనే ఉంది. తెల్లగా పాలిపోయిన ముఖం, బిగిసిన దవడ, చెమటకి తడిసిన జడ కళ్లారా చూసింది. తెర మీద మాత్రం నిద్రపోయే మనిషికుండే గీతలే. గంటయ్యాక హైమ కళ్లు సగం తెరిచి, "వచ్చిందా అక్కా?" అంది.

"రాలేదమ్మా. టోపీ సరిగ్గా కూర్చోలేదేమో."

టోపీ సరిగ్గానే కూర్చుంది. వేదాంతంగారికీ ఆ సంగతి తెలుసు. "కొందరిలో నొప్పి మెదడు అడుగున, మెడ పైనుండే కాండం దగ్గర నడుస్తుంది. మన బొడిపెలు పైపొర దాటి వినలేవు. ఇంకో రెండేళ్లు పనిచేస్తే వింటాయేమో. ఇప్పుడదంతా రాస్తే సంఘంవాళ్లు యంత్రాన్నే నమ్మరు. ఎనిమిదిమందికి దొరికే మేలు కూడా పోతుంది. 'ముగ్గురిలో సంకేతం బలహీనంగా ఉన్నది' అని కింద చిన్నక్షరాల్లో వేద్దాం. అబద్ధం కాదుగా?"

అబద్ధం కాదు. ఊతంగా పట్టుకోవడానికి రత్నానికి ఆ మాట చాలింది. నివేదిక టైపు చేసింది ఆమే.

సంఘం ఇంకా ఏమీ తేల్చకముందే కాలేజీలు తేల్చేశాయి. మంచి ఉద్దేశంతోనే మొదలైంది. పరీక్షలో తలనొప్పి అన్న విద్యార్థిని వేదాంతంగారి ల్యాబుకు పంపడం, అచ్చు పడితే కాగితం ఇవ్వడం, కాగితం ఉంటే సమయం ఇవ్వడం. ఒక కాలేజీ చూసి ఇంకొకటి. రోజుకు ఆరుగురు, ఏడుగురు వచ్చేవాళ్లు. అచ్చు పడినవాళ్లు ఏడుస్తూ వెళ్లేవాళ్లు, సంతోషంతో. పడనివాళ్లు ఏమీ మాట్లాడకుండా వెళ్లేవాళ్లు.

ఫిబ్రవరిలో ఒకరోజు సింహాద్రి ల్యాబుకొచ్చి, "హైమ మూడు వారాల నుంచి మాతో బొమ్మలు వెయ్యడానికి రావట్లేదక్కా. ఫోన్ ఎత్తట్లేదు. కాలేజీకి కూడా పోవట్లేదట," అన్నాడు. ఆ ఆదివారం ఇద్దరూ చేపలుప్పాడ వెళ్లారు.

ఇంటి ముందు హైమ వాళ్లమ్మ పోలమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. పీట వేసి కూర్చోబెట్టింది. మర్యాదకేం తక్కువ చెయ్యలేదు. ఏం జరిగిందో ఆమే చెప్పింది. ప్రీఫైనల్ రోజు పరీక్ష మధ్యలో హైమకు నొప్పొచ్చింది. కాసేపు తల వాల్చుకుంటానంటే, నీకు కాగితం లేదుగా, యంత్రమే ఏమీ లేదని చెప్పిందిగా అన్నారట కాలేజీవాళ్లు. జవాబు పత్రం మీదే వాంతయింది. కావాలని చేసిందని బయటికి పంపించేశారు.

"మీరైనా ఆ రోజు మాట్లాడి ఉండాల్సింది పిన్నీ," అన్నాడు సింహాద్రి.

"ఏటని మాటాడీది బాబూ? ఇన్నాళ్లూ పిల్ల నొప్పంటే నొప్పే అనుకున్నాను. సెవుల్లో దూది పెట్టి పండుకోబెట్టీదాన్ని. మరి అంత పెద్ద మిషను లేదని సెప్పినాక?" పోలమ్మ రత్నం వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. "మనిసైతే అబద్దవాడతాడు. మిషను ఎందుకాడతాది తల్లీ?"

రత్నం చూపు ఎండుచేపల మీదికి దిగిపోయింది.

హైమ వెనక గదిలో ఉంది. మనిషి చిక్కిపోయింది. బొమ్మలేమైనా వేస్తున్నావా అని సింహాద్రి అడిగితే తల అడ్డంగా ఊపింది. వాడు పోలమ్మతో మాట్లాడాలని బయటికి వెళ్లాక, రత్నంతో మెల్లిగా అంది: "అక్కా, ఒకటడగనా? లేని నొప్పిని ఉందనుకునే జబ్బు ఏదైనా ఉంటదా? నొప్పొచ్చినప్పుడల్లా నిజంగా వస్తోందా, నేనే తెచ్చుకుంటున్నానా అని చూసుకుంటున్నాను. అలా చూసుకుంటుంటే ఇంకా పెరుగుతోంది."

రత్నం ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నీకు నొప్పి ఉంది హైమా. యంత్రానికి అందలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ టోపీ వంక పెట్టాను."

హైమ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కానీ ముఖం పక్కకి తిప్పుకుంది. "తెలుసా?" అంది.

దారిలో రత్నం తమ్ముడికి మొత్తం చెప్పింది, చిన్నక్షరాల సంగతితో సహా. సంఘం ముందు నిలబడి చెప్పేస్తానంది. సింహాద్రి స్కూటర్ ఆపించాడు.

"చెబితే ఏమవుతుందో తెలుసా? యంత్రం తప్పంటారు. నాదీ తప్పంటారు. మళ్లీ మొదటికొస్తాం. తలనొప్పికి ఇంత గోడా అని నవ్వుతారు." వాడు స్కూటర్ దిగాడు. "నాన్న ఏడేళ్లలో మొదటిసారి నన్ను నమ్మాడక్కా. ఆ కుర్చీ వల్ల నమ్మాడు."

"హైమను వాళ్లమ్మ నమ్మడం మానేసింది. అదీ ఆ కుర్చీ వల్లే."

"నాకు తెలీదా?" అని అరిచాడు. అరిచి, రోడ్డు పక్క కూర్చుండిపోయి, కాసేపటికి లేచి బస్సెక్కి వెళ్లిపోయాడు. పదిరోజులు అక్కతో మాట్లాడలేదు.

సంఘం సమావేశం మార్చి మొదటి వారంలో, కలెక్టరేట్‌లో. అధ్యక్షురాలు ఉదయభాను అనే రిటైరైన హెడ్మిస్ట్రెస్. వేదాంతంగారు యంత్రం గురించి చక్కగా చెప్పారు. ప్రతి జిల్లాలోనూ ఒకటి పెట్టి, అచ్చు పడిన విద్యార్థులకు మాత్రమే సౌకర్యం ఇవ్వాలన్న ప్రతిపాదన సిద్ధంగా ఉంది. ఆమోదించబోతుండగా రత్నం లేచింది.

"మేడమ్, నివేదిక పదిహేడో పేజీలో అడుగున ఒక వాక్యం ఉంది. దాన్ని చిన్నక్షరాల్లో టైపు చేసింది నేనే."

వేదాంతంగారు ఆమె పేరు మెల్లిగా పిలిచారు. ఆమె ఆగలేదు. పదకొండుమందిలో ముగ్గురు, ఆ తరవాత కాలేజీల నుంచి వచ్చినవాళ్లలో డాక్టర్లు మైగ్రేనని ఎప్పుడో రాసిచ్చినవాళ్లు రెండువందల ఆరుగురు, వాళ్లలో అచ్చు పడనివాళ్లు యాభై ఎనిమిది మంది. లెక్కలన్నీ చెప్పింది. "వీళ్లకు నొప్పి లేదని కాదు మేడమ్. చేద పైకి ఖాళీగా వచ్చిందంటే బావిలో నీళ్లు లేవని కాదు. మా తాడు పొట్టిది. పొట్టిదని తెలిసి కూడా మేం చెప్పలేదు."

సంఘంలో ఒక సభ్యుడు విసుక్కున్నాడు. "యంత్రం లేకపోతే ఎలాగమ్మా మరి? వచ్చిన ప్రతివాడూ నొప్పంటాడు. దేన్ని చూసి నమ్మాలి?"

గది వెనక బెంచీలో అయిదుగురు పిల్లలూ కూర్చుని ఉన్నారు. హైమను సింహాద్రే తీసుకొచ్చాడని రత్నానికి అప్పుడే తెలిసింది. వాడు లేచి నిలబడ్డాడు. "సార్, నాకు అచ్చు పడింది. నా కాగితం ఉంది. నన్ను నమ్ముతారు కదా? అయితే నా మాట వినండి. ఈ అమ్మాయిది నాకంటే పెద్ద నొప్పి. రెండేళ్లుగా పక్కనుండి చూశాను."

ఉదయభాను కళ్లజోడు పైనుంచి హైమను చూసింది. "నువ్వు చెప్పమ్మా. ఎలా ఉంటుంది నీకు?"

హైమ లేచింది. నోరు తెరిచి, మూసి, ఎదురుగా కూర్చున్న పెద్దవాళ్లందరి వైపూ చూసి, "కాగితం ఇస్తే వేస్తాను మేడమ్," అంది.

ఎవరో కాగితాలిచ్చారు. పెన్సిలిచ్చారు. ఆ పిల్ల బల్ల చివర కూర్చుని వెయ్యడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. విసుక్కున్న సభ్యుడు గడియారం చూసుకున్నాడు. ఉదయభాను, "కూర్చోండి. పరీక్షలో పిల్లలకి మూడు గంటలు ఇస్తాం. మనం అరగంట ఇవ్వలేమా?" అంది. అరగంటయ్యాక కాగితం ఆమె ముందుకొచ్చింది. ఒక పిల్ల, ఆ పిల్ల తల చుట్టూ వల, వల తాళ్లన్నీ లోపలి నుంచే మొలిచి ఉన్నాయి.

"ఇది నాకు సరిగ్గా అర్థం కాలేదమ్మా," అంది ఉదయభాను. "ఈ తాడు ఎక్కడ మొదలవుతుంది?"

హైమ మెడ వెనక్కి చెయ్యి పెట్టి చూపించింది. ఆమె మళ్లీ అడిగింది. హైమ మళ్లీ చెప్పింది. తడుముకుంటూ, కొన్నిచోట్ల ఆగిపోతూ, చాలాసేపు చెప్పింది. ఉదయభాను ఆ మాటలు ఒకటొకటిగా తన చేత్తో రాసుకుంది.

ఆ రోజు ఏదీ తేలలేదు. ఉత్తర్వు వచ్చేసరికి మే నెల దాటింది. యంత్రం కాగితం ఎవరినీ అడగకూడదని, డాక్టరు మాట గానీ, అది లేనిచోట విద్యార్థి మాట గానీ చాలని అందులో ఉంది. అదనపు సమయం అడిగింది గంట, వచ్చింది ఇరవై నిమిషాలు. వేదాంతంగారి యంత్రాన్ని తిరిగి మాట పడిపోయిన రోగులకే పరిమితం చేశారు. రత్నాన్ని ఆయన పొమ్మనలేదు. కానీ ఆమెతో మాట్లాడటం మానేశారు. రెండు నెలలు చూసి ఆమే రాజీనామా చేసి, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఆరేళ్ల పని గుర్తొచ్చిన రోజుల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

హైమ ఆ ఏడాది పరీక్షలు పోగొట్టుకుంది. మళ్లీ మార్చిలో రాసింది. ఫిజిక్స్ రోజున తోడు రమ్మని ఫోన్ చేస్తే రత్నం సెలవు పెట్టి వెళ్లింది. వరండా చివరి నుంచి హాలు కనిపిస్తోంది. గంటన్నర గడిచాక హైమ చెయ్యెత్తింది. ఇన్విజిలేటర్ దగ్గరకొచ్చి వంగింది.

"ఏమైందమ్మా?"

"మొదలవుతోంది మేడమ్."

ఆమె ఏ కాగితమూ అడగలేదు. జవాబు పత్రం మీద టైము రాసి, హైమ మోచెయ్యి పట్టుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టిన పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు చప్పుడు కాకుండా వేసింది. హాలు తోటి ఇన్విజిలేటర్‌కు అప్పగించి, ఇరవై నిమిషాలు ఆ తలుపు బయటే నిలబడి, వరండాలో నడిచేవాళ్లని చెప్పులు చేతపట్టుకోమని సైగ చేసింది. రత్నం కూడా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

గంట కొట్టిన ఇరవై నిమిషాలకు హైమ అందరికంటే చివర బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండు ప్రశ్నలు వదిలేశానక్కా," అంది. "పాసైపోతాను. ఫస్ట్ క్లాసు మాత్రం రాదు."

"నొప్పి?"

"ఉంది," అంది హైమ. ఆ మాట అనేటప్పుడు ఆ పిల్ల తనలోకి తాను తిరిగి చూసుకోలేదు. "నీడనే నడుద్దాం పద. బస్సుకి ఇంకా టైముంది."